పుట్టిన్నర బండా, రెండు పుట్ల బండా?

మా టాటా ఏస్‌ను పోయిన నెలలో అమ్మేశాం. 2016లో కొన్న బండి. రొయ్యల మేత (ఫీడ్) బస్తాలు, సున్నం, డీజిల్ క్యాన్లు, గుంటల నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ మోటార్లు, కోతలప్పుడు వడ్లు, గేదెలకు గడ్డి, ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా షామియానా సామాను, అన్నీ దాని మీదే పోయాయి. దాని బదులు ఏం తీసుకోవాలనే దాని మీద మూడు నెలల పాటు అన్నం ముందు కూర్చున్నా ఇదే మాట. తమ్ముడు మొదటి రోజే తేల్చేశాడు, తీసుకుంటే 1.7 టన్నుల బొలేరో పికప్పే తీసుకోవాలని. నాయనేమో ఇంకో ఏస్ చాలదా అంటాడు. నేను ఇద్దరి మాటా వింటూ, షోరూముల చుట్టూ తిరుగుతూ, లెక్కలు వేసుకుంటూ వచ్చాను. మన వైపు చాలామంది ఇదే ఆలోచనలో ఉన్నారని తెలుసు కాబట్టి ఆ లెక్కలన్నీ ఇక్కడ పెడుతున్నా.

మాది అల్లూరు వైపు. రెండు రొయ్యల గుంటలు, ఆరెకరాల వరి కయ్య. నెల్లూరు జిల్లాలో బరువు అంటే ఇప్పటికీ పుట్టే. పుట్టి అంటే 850 కిలోలు. టన్ను అంటే నాయనకు మనసులో ఆనదు, పుట్టి అంటే వెంటనే కళ్ల ముందు ఆ బస్తాల గుట్ట కనిపిస్తుంది. అందుకే షోరూములో వాళ్లు చెప్పిన ప్రతి అంకెనూ నేను పుట్లలోకి మార్చి చూసుకున్నా. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ మేం చేసిన తప్పేంటో. ఏస్ 2005లో వచ్చినప్పటి నుంచి దాని మీద వేయాల్సిన బరువు 750 కిలోలే. అంటే పుట్టి కూడా వేయకూడదు. మేమేమో పుట్టి పైన ఇంకో నాలుగు బస్తాలు వేసి, మోకు బిగించి పంపేవాళ్లం. ఈ మధ్య వచ్చిన ఏస్ గోల్డ్ ప్లస్‌కు 900 కిలోలు ఇచ్చారు, అంటే ఇప్పటికి అది పుట్టి బండి అయింది.

మధ్య సైజు పికప్పులు అంటే ఇంట్రా వి30, దోస్త్ లాంటివి, 1.3 నుంచి 1.5 టన్నుల దాకా. 1.3 టన్నులు అంటే సరిగ్గా పుట్టిన్నర, ఇంకో పాతిక కిలోలు మిగులు. పెద్ద పికప్పులు, అంటే బొలేరో 1.7, యోధా 1700 లాంటివి, కచ్చితంగా రెండు పుట్లు. ఇంత చక్కగా లెక్క కుదురుతుందని నేను అనుకోలేదు. ఈ మాట చెప్పగానే నాయన మొదటిసారి ఆసక్తిగా ముందుకు వంగి విన్నాడు.

పోయిన నవంబరు వానల్లో జరిగింది చెప్పాలి. రెండో గుంటకు 44 బస్తాల ఫీడ్ వేసుకుని తమ్ముడు కట్ట మీదకు ఎక్కించాడు. బస్తా 25 కిలోలు, మొత్తం 1100 కిలోలు. మూడు రోజులుగా ముసురు, కట్ట మీద నల్లమట్టి సబ్బులా ఉంది. మోటారు షెడ్డుకు ఇంకా నలభై అడుగులు ఉందనగా వెనక ఎడమ చక్రం పక్కకు జారి కూర్చుండిపోయింది. ఏస్ చక్రాలు పన్నెండు అంగుళాలవి, బురద హబ్ దాకా వచ్చేసింది. తమ్ముడు రేస్ చేసిన కొద్దీ చక్రం ఇంకా లోపలికి పోతోంది, క్లచ్ కాలిన వాసన గుంట అవతలి గట్టు దాకా వచ్చింది. చివరికి వానలోనే బస్తాలన్నీ దించి, తలల మీద షెడ్డుకు మోసి, చక్రం కింద తాటిమట్టలు తొక్కించి, నలుగురం భుజాలు పెట్టి తోస్తే గానీ బయటికి రాలేదు. ఆరు బస్తాలు తడిసిపోయాయి. ఒకటి చినిగి ఫీడంతా గుంటలోకి పోయింది. తడిసిన మేత రొయ్యలకు వేయలేం, బూజు పడుతుంది. ఆ రోజు రాత్రి తమ్ముడు చేతులు చూపించాడు, మోకు ఒరుసుకుపోయి అరచేతుల్లో చర్మం లేచిపోయి ఉంది. చిన్న బండి మీద పెద్ద బండి బరువు వేసి ఇన్నేళ్లూ చవకలో పోతోందని అనుకున్నాం, ఆ చేతులు చూశాక ఇక ఆ మాట నా నోట రాలేదు.

ఏస్‌ను తప్పు పట్టడం లేదు. దాని పని అది బ్రహ్మాండంగా చేస్తుంది, సందుల్లో తిరగడానికి, కూరగాయలకు, నీళ్ల క్యాన్లకు దాన్ని మించింది లేదు. మేం దానితో చేయించింది దాని పని కాదు, అంతే. తొమ్మిదేళ్లలో కమాను పట్టీలు రెండుసార్లు, క్లచ్ ప్లేట్లు మూడుసార్లు మార్చాం, వెనక టైర్లు ఎన్ని జతలు అయ్యాయో లెక్కే లేదు. బండి ధరలో మిగుల్చుకున్నది మెకానిక్ దగ్గర పెట్టాం.

నాయనకు ఒక అలవాటుంది. ప్రతి ట్రిప్పూ చిట్టా పుస్తకంలో రాస్తాడు. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని బస్తాలు, డీజిల్ ఎంత. ఒక ఆదివారం నేనూ మా ఆవిడా కూర్చుని ఏడాది ట్రిప్పులన్నీ బరువును బట్టి విడదీశాం. మొత్తం 163 ట్రిప్పులు. అందులో 750 కిలోల లోపు ఉన్నవి 58. 750 నుంచి 1300 దాకా ఉన్నవి 91. 1300 దాటినవి 14. ఆ పద్నాలుగూ కోతలప్పటివే, మార్చి ఏప్రిల్‌లో కొన్ని, ఎడగారు (రెండో పంట) కోతల్లో కొన్ని. వాటికి బయట బండి మాట్లాడుకున్నాం, లేదంటే రెండు ట్రిప్పులు వేశాం. ఈ మూడు అంకెలూ కాగితం మీద పెట్టి చూసేసరికి సగం వాదన అక్కడే తీరిపోయింది. ఇంకో ఏస్ అనే మాట నాయనే వెనక్కి తీసుకున్నాడు. మిగిలింది మధ్యదా, పెద్దదా అనేదే.

బండి కొనేవాళ్లు ఎవరైనా ముందు చేయాల్సింది ఈ పని అని నేను గట్టిగా నమ్ముతున్నా. పుస్తకం లేకపోతే ఫీడ్ షాపు బిల్లులు, మిల్లు చీటీలు, తూకం కాగితాలు ముందేసుకోండి. మనకు గుర్తుండేది ఏడాదిలో బరువు ఎక్కువైన నాలుగు రోజులే. తక్కిన మూడు వందల అరవై రోజులు ఏం మోశామో గుర్తుండదు.

ఇక ధరలు. మాకు చెప్పిన ఆన్ రోడ్ ధర మధ్య సైజుకు తొమ్మిది లక్షలకు కాస్త అటూ ఇటూ, పెద్దదానికి పదకొండు లక్షల దాకా. మోడల్‌ను బట్టి, పవర్ స్టీరింగ్, ఏసీ ఉన్నాయా లేదా అనే దాన్ని బట్టి మారుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, అంతకు ముందు పన్నుతో కలిపి పది లక్షలున్న బండికి 78 వేలు తగ్గాలి, ఎనిమిది లక్షలదానికి 62 వేలు. పాత ధరల పట్టిక చూపించి 'మీకోసం యాభై వేలు తగ్గించాం' అంటే అది తగ్గింపు కాదు, ఆ పైన మీ డబ్బే ఇంకా వాళ్ల దగ్గర ఉంది. నాకు ఒకచోట ఇలాగే చెప్పారు. కాగితం మీద పన్ను విడిగా రాసి ఇవ్వండి అని అడిగేసరికి లెక్క మారింది.

రెండింటికీ తేడా రెండు లక్షలు. పదకొండు శాతం వడ్డీకి నాలుగేళ్లు కట్టేటట్టు చూస్తే ఆ రెండు లక్షలకు నెలకు 5,170 రూపాయల దాకా పడుతుంది. డీజిల్ తేడా కూడా కలపాలి. మేం నెల్లూరు పోయి రావాలంటే డెబ్బై ఐదు కిలోమీటర్లు అవుతుంది. మధ్య సైజు బండి నడిపే ఇద్దరు తెలిసినవాళ్లను అడిగితే లోడు మీద లీటరుకు పదిహేను ఇస్తుందన్నారు. పెద్దది పన్నెండు, పన్నెండున్నర ఇస్తుందని మా బావ చెప్పాడు. అంటే ట్రిప్పుకు ఒక లీటరు తేడా, దాదాపు వంద రూపాయలు. ఏడాదికి 163 ట్రిప్పులు అనుకుంటే పదహారు వేలు. ఈఎంఐ తేడా అరవై రెండు వేలు, డీజిల్ పదహారు వేలు, మొత్తం 78 వేలు. ఏడాదికి పద్నాలుగు ట్రిప్పుల కోసం పెద్ద బండికి మేం అదనంగా పెట్టాల్సింది ఇదీ. అదే పద్నాలుగు ట్రిప్పులకు పెద్ద బండిని బయట మాట్లాడుకుంటే మా వైపు ఒక్కోదానికి రెండున్నర వేలు, మొత్తం 35 వేలు. తమ్ముడు ఈ కాగితం చాలాసేపు చూశాడు. వాడికి బొలేరో అంటే ప్రాణం, ఆ ముందు బానెట్, ఆ ఎత్తు, రోడ్డు మీద దానికి దక్కే మర్యాద. వాడి ఇష్టం నాకు తెలుసు, అందుకే ఆ కాగితం వాడి ముందు పెట్టడానికి నాకూ మనసొప్పలేదు.

అదే లెక్కను తిరగేసి చూస్తే ఇంకో మాట కూడా నిజం. 78 వేలను రెండున్నర వేలతో భాగిస్తే ముప్పై ఒకటి. ఏడాదికి ముప్పై ఒక్కసారి, అంటే నెలకు రెండున్నర సార్ల కంటే ఎక్కువ రెండు పుట్ల బరువు వేసేవాళ్లయితే కళ్లు మూసుకుని పెద్దది కొనొచ్చు.

మా బావ అట్లాంటివాడే. వాళ్లది ఉమ్మడి ప్రకాశం జిల్లా పొదిలి వైపు, పొగాకు. పొగాకు కాల్చే బ్యారన్‌కు పుల్లలు తోలాలి, వేలం కేంద్రానికి బేళ్లు తోలాలి, వేసవిలో నీళ్ల ట్యాంకు పెట్టుకుని తిరగాలి. వీటన్నిటికీ తోడు ఆయనకు ఒంగోలు గిత్తల జత ఉంది, బండలాగుడు పోటీలకు పోతారు. ఒక్కో గిత్త ఐదారు వందల కిలోలు ఉంటుంది, జతకు టన్ను పైనే, దాణా, మనుషులు వేరే. వాటిని ఎక్కించేటప్పుడు చూశాను ఒకసారి. కట్టకు ఆనించి బండి వెనక్కి పెట్టి, లోపల వరిగడ్డి మందంగా పరిచి, ముందు పెద్ద గిత్తను ఎక్కించారు. దాని ముందు కాళ్లు తొట్టిలో పడగానే బండి వెనక భాగం కిందకు దిగి మళ్లీ నెమ్మదిగా లేచింది. రెండోది ఎక్కాక బావ రెండింటి మధ్యా దూరి గంగడోలు నిమురుతూ నిలబడ్డాడు, అవి కుదురుకునే దాకా ఇంజిన్ స్టార్ట్ చేయనివ్వలేదు. అది ఏస్‌తో అయ్యే పని కాదు, మధ్య సైజుతో కూడా నాకైతే ధైర్యం చాలదు. బావకు రెండు పుట్ల బండే సరైంది, కొని మంచి పని చేశాడు.

మా దగ్గర బరువు ఎక్కువైన పనులు చాలా వరకు మా బండి మీద పడవు. రొయ్యలు పట్టేటప్పుడు కొనేవాళ్లే ఐస్ బాక్సులతో వాళ్ల బండ్లు తెచ్చుకుంటారు. సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, హ్యాచరీ వాళ్లే తెచ్చిపోస్తారు. వడ్లు చాలా వరకు కయ్యలోనే అమ్ముతాం, లారీ రోడ్డు మీద నిలబడి ఉంటుంది, ట్రాక్టరు దాని దాకా తోలుతుంది. మాకు ఏడాది పొడుగునా ఉండేది ఫీడే. 1300 కిలోలంటే 52 బస్తాలు, గుంటలు బాగా నడిచే రోజుల్లో మాకు ఒక వారానికి సరిపోతుంది. ఇంకా ఎక్కువ తెచ్చి పెట్టుకున్నా సముద్రపు గాలికి చెమ్మ పట్టి చెడిపోతుంది, కాబట్టి 68 బస్తాలు ఒకేసారి తేగలిగినా మేం తేము.

కట్ట విషయం కూడా ఉంది. అందరూ బండి వెడల్పు చూస్తారు, మధ్యదానికీ పెద్దదానికీ వెడల్పులో తేడా పెద్దగా లేదు, తొట్టి పొడవు కూడా ఇంట్రా వి30కి 8.8 అడుగులు, బొలేరో 1.7కు తొమ్మిది. చూడాల్సింది లోడుతో కలిపి మొత్తం బరువు. వి30 నిండా వేసినా రెండున్నర టన్నుల చిల్లర. యోధా 1700 నిండా వేస్తే మూడున్నర టన్నులు. వాన పడ్డ నల్లమట్టి కట్టకు ఆ టన్ను చాలా ఎక్కువ. మా సప్లై కాలువ మీద ఉన్న తూము తాత కట్టించింది, దాని మీద మూడున్నర టన్నులు రోజూ తిప్పడానికి నేను ఒప్పుకోను.

ఆ మొత్తం బరువుకు ఇంకో ముఖ్యమైన హద్దు ఉంది, మూడు టన్నులు. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం మొత్తం బరువు 3000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. ఇంట్రా వి50ని 2940 కిలోల దగ్గర ఆపారు, 1500 కిలోలు వేసుకోవచ్చు. 1.7 టన్నుల బండ్లు ఈ హద్దు దాటుతాయి. పర్మిట్ తీసుకోవడం కష్టమైన పనేమీ కాదు, అయినా ఇంకో కాగితం, ఇంకో రెన్యువల్ తేదీ గుర్తుపెట్టుకోవాలి.

తేడా లేనివి కూడా చెప్పేస్తాను, వీటి మీద ఊరికే టెన్షన్ పడేవాళ్లను చూశాను. లైసెన్సు రెండింటికీ ఒకటే. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది, మామూలు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉంటే 7500 కిలోల లోపు సరుకు బండి నడపొచ్చని. కిరాయికి తిప్పే బండికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా 7500 కిలోల లోపు అంతా ఒకటే శ్లాబు, 2022లో పెట్టిన ప్రకారం 16,049 రూపాయలు, అంటే ఏస్‌కూ అంతే, బొలేరోకూ అంతే. ఫిట్‌నెస్ ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా. ఓవర్‌లోడుకు మాత్రం ఏ సైజైనా జరిమానా 20 వేలు, పైన ప్రతి అదనపు టన్నుకూ రెండు వేలు, ఆ బరువు అక్కడే దించాలి. ఇన్నేళ్లలో మేం హైవే మీద ఎక్కడా పట్టుబడలేదు. కానీ ప్రమాదం జరిగితే, ఎక్కువ బరువు వేశారని ఇన్సూరెన్స్ వాళ్లు పేచీ పెడితే ఏం చేసేవాళ్లమో ఇప్పుడు తలచుకుంటే భయమేస్తుంది.

టెక్సస్‌లో ఉన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసినప్పుడు ఈ గొడవంతా చెప్తే, 'అన్నా, నాకూ ఇదే సమస్య' అన్నాడు. వాడు టయోటా టకోమానా, ఫోర్డ్ ఎఫ్-150నా అని చూస్తున్నాడు. అక్కడ టకోమా మధ్య సైజు కింద లెక్క, 2024 మోడల్ 31,500 డాలర్ల దగ్గర మొదలైంది. ఎఫ్-150 ఫుల్ సైజు, దానికి ఇంకో ఐదారు వేల డాలర్లు పెడితే మొదటి మోడల్ వచ్చేస్తుంది కాబట్టి ఎక్కువమంది పెద్దదానికే పోతారట. ఫోర్డ్ ఎఫ్ వరుస ట్రక్కులు 1977 నుంచీ అక్కడ అమ్మకాల్లో ముందున్నాయి. నాలుగు తలుపుల ఎఫ్-150 పొడవు పంతొమ్మిది అడుగులు దాటుతుంది. వాడి గ్యారేజీ ఎంతరా అని అడిగితే ఇరవై అన్నాడు. నెలలో ఎన్నిసార్లు సామాను వేస్తావని అడిగితే, తోటలోకి మట్టి, ఎప్పుడన్నా సోఫా అన్నాడు. మధ్యది తీసుకో అబ్బయ్యా అని చెప్పాను. మన దగ్గర కూడా అట్లాంటివి ఉన్నాయి, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్, 2022లో వచ్చిన టయోటా హైలక్స్. చూడ్డానికి గొప్పగా ఉంటాయి. హైలక్స్ వచ్చినప్పుడు దాదాపు 34 లక్షలు, వెనక తొట్టి ఐదు అడుగుల దగ్గర. కుటుంబంతో తిరగడానికి, కొండదారులకు అవి బాగుంటాయి. ఫీడ్ బస్తాలకు అది కాదు దారి.

పెద్దదానికి అనుకూలమైనవి కూడా ఒప్పుకోవాలి. బొలేరో ఇంజిన్ 2.5 లీటర్లు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లోడు మీద కూడా గేరు దించాల్సిన పని తక్కువ. చక్రాలు పెద్దవి, గుంతల్లో దెబ్బ తక్కువ. ఇంజిన్ ముందు ఉంటుంది కాబట్టి సీటు కింద వేడి ఉండదు, ఏస్‌లో వేసవి మధ్యాహ్నం నాయన తువ్వాలు మడతపెట్టి వేసుకుని కూర్చునేవాడు. అమ్మేటప్పుడు మంచి ధర వస్తుంది, పల్లెల్లో పాత బొలేరోకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. కిరాయికి తిప్పాలనుకునేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. తమ్ముడు సొంత పని అయిపోయాక కిరాయికి తిప్పుతానని అని ఉంటే నేను లెక్క వేరేగా వేసేవాణ్ని. గుంటల మీద రాత్రి కాపలా కూడా వాడిదే, ఇంకా కిరాయి అంటే వాడు ఎప్పుడు పడుకుంటాడు?

చివరికి మధ్య సైజే బుక్ చేశాం. డబ్బు కట్టే ముందు రెండు పనులు చేశాం. ఒకటి, లోడుకు దగ్గరగా బస్తాలు వేసి టెస్ట్ డ్రైవ్ ఇమ్మని అడిగాం. మొదట కుదరదన్నారు, తర్వాత ఒప్పుకున్నారు. తమ్ముడే నడిపాడు, మన కట్ట దాకా తెచ్చి, తూము దాటించి, షెడ్డు ముందు తిప్పి మళ్లీ తీసుకెళ్లాడు. దిగాక ఏమీ అనలేదు, చక్రం పడ్డ జాడ ఎంత లోతుందో వంగి వేలితో చూశాడు. రెండు, బాడీ. మన వైపు అందరూ కొత్త బండికి ఎత్తు బాడీ, ఇనుప గ్రిల్లు, పైన ఫ్రేము చేయిస్తారు. వెల్డింగ్ షాపులో అడిగితే ఆ ఇనుమంతా నూట యాభై నుంచి రెండు వందల కిలోలు వస్తుందని చెప్పాడు. ఆ బరువు వేసుకోవాల్సిన 1300లోంచే పోతుంది, అంటే ఆరు నుంచి ఎనిమిది బస్తాలు ఇనుముకే సమర్పించినట్టు. కంపెనీ ఇచ్చిన తొట్టినే ఉంచుతున్నాం. నాయన ఒక్కటే అడిగాడు, పక్కన మోకు కట్టడానికి కొక్కేలు ఇంకో నాలుగు ఎక్కువ పెట్టించమని.